వెలుగు గుడిలో బానిసలు

మొజార్ట్ ‘మాయావేణువు’ను గురించి అభ్యుదయ విమర్శకులు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: అది చీకటిపై వెలుగు, మూఢత్వంపై వివేకం సాధించిన విజయమని. నేనూ చాలాకాలం ఆ మాటే చెప్పాను. పాశ్చాత్య నాటక రీతులను గురించి పాఠం చెబుతూ ఒకసారి ఈ కథ క్లాసులో వినిపించాను. చివర ఒక విద్యార్థిని లేచి, “మాస్టారూ, ఇంతకీ ఆ తల్లి చేసిన తప్పేమిటండీ?” అని అడిగింది. నాకు తోచిన జవాబు చెప్పాను. అది నాకే తృప్తి కలిగించలేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీపడ్డ జవాబు.

ముందు కథ. టమినో అనే రాజకుమారుణ్ణి ఒక మహాసర్పం తరుముతుంది. రాత్రి రాణి చెలికత్తెలు ముగ్గురు దాన్ని చంపి అతణ్ణి కాపాడతారు. రాణి కూతురు పమినాను సరస్ట్రో అనేవాడు ఎత్తుకుపోయాడు. ఆమె పటం చూసి టమినో మోహిస్తాడు. రాణి తరఫున చెలికత్తెలు అతనికి మాయావేణువు నిచ్చి పంపుతారు. తోడు పపగేనో, పిట్టలు పట్టి రాణికిచ్చి, బదులుగా తిండీ సారాయమూ పుచ్చుకుని బతికేవాడు. ఇంతవరకు వింటే, బాలనాగమ్మ కథ తెలిసిన మన పిల్లలకైనా తర్వాతేం జరగాలో తెలుసు: మాంత్రికుడు చావాలి, చెరలోని స్త్రీ ఇల్లు చేరాలి. కాని సరస్ట్రో గుడివాకిట కథ తలకిందులవుతుంది. మాంత్రికుడనుకున్నవాడు జ్ఞాని అనీ, దుఃఖించిన తల్లి కుట్రదారు అనీ తేలుతుంది. టమినో మౌనపరీక్షలో నెగ్గి, పమినాతో కలిసి నిప్పునూ నీటినీ దాటి, సూర్యుని గుడిలో స్థానం పొందుతాడు. రాణి శాశ్వతాంధకారంలో కూలిపోతుంది.

ఇది నాటకకర్త షికనేడర్ చేతకానితనమనీ, అదే ఏడు మరో నాటకశాల ఇలాంటి కథ ఆడటంవల్ల మధ్యలో పథకం మార్చాడనీ కొందరన్నారు. నేనొప్పుకోను. మొదట విన్నది ఒక పక్షం చెప్పిన కథ మాత్రమేనని గ్రహించడమే ఇక్కడ జ్ఞానానికి తొలిమెట్టు. అయితే ఆ సూత్రాన్ని రెండో పక్షానికి కూడా వర్తింపజేయాలి. మన విమర్శ అక్కడే ఆగిపోతూ వచ్చింది.

నాటకం పుట్టిన కాలాన్ని చూడాలి. 1791 సెప్టెంబరు 30న వియన్నా శివారు నాటకశాలలో దీన్ని తొలిసారి ఆడారు. అది ఆస్థాన రంగస్థలం కాదు. భాష ప్రభువులు మెచ్చే ఇటాలియన్ కాదు, జనం మాట్లాడే జర్మన్. పాటకూ పాటకూ మధ్య వచనం. ఆ నాటకశాల నడిపే షికనేడరే పపగేనో వేషం కట్టాడు. మొజార్ట్ 1784లోనే ఫ్రీమేసన్ల సభలో చేరాడు. ముగ్గురు చెలికత్తెలు, ముగ్గురు బాలురు, ప్రకృతి, వివేకం, జ్ఞానం అనే మూడు గుళ్ళు, సంగీతారంభంలో గంభీరమైన మూడు స్వరఘాతాలు: ఈ మూడు అంకె వారి సంకేతమే. ఫ్రెంచి విప్లవం మొదలై అప్పటికి రెండేళ్ళు. సింహాసనాలు ఇలాంటి సభలను అనుమానంగా చూస్తున్న రోజులు. అలాంటి రోజుల్లో, టమినో రాజకుమారుడు కదా, కఠిన పరీక్షలకు తాళగలడా అని పూజారి సందేహిస్తే, రాజకుమారుడి కంటె ఎక్కువ, అతడు మనిషి అన్న అర్థం వచ్చేలా సరస్ట్రో జవాబిస్తాడు. ఆనాటి రంగస్థలం మీద ఆ మాట సామాన్యమైంది కాదు. దాన్ని తక్కువచేసే ఉద్దేశం నాకు లేదు.

కాని ఆ మనిషి ఎవరు? గుడిలోకి వెళ్ళి చూద్దాం. అక్కడ బానిసలున్నారు. వారిపై అధికారి మొనొస్టటోస్ అనే నల్లవాడు. పమినాపై అతను చేయబోయిన దౌర్జన్యం నేరమే, సందేహం లేదు. కాని నాటకం అతని నేరాన్ని అతని రంగుకు ముడివేస్తుంది. లోకమంతా ప్రేమిస్తోంది, నలుపు వికారమని తానొక్కడూ దూరంగా ఉండాలా అని అతను పాడుకుంటాడు. ఆ ప్రశ్నకు నాటకంలో జవాబు లేదు. సరస్ట్రో అతనికి అరికాళ్ళపై 77 దెబ్బలు విధిస్తాడు. బృందం ఆ న్యాయాన్ని కీర్తిస్తుంది. ఈ పవిత్ర మందిరంలో పగ అన్నదే ఎరగరని తర్వాత గానం చేసేది కూడా ఈ సరస్ట్రోయే.

ఇది రంగస్థలానికే పరిమితం కాదు. ఆఫ్రికాలో పుట్టి, చిన్నతనంలోనే బానిసగా యూరప్ చేరిన ఆంగెలో సోలిమాన్ వియన్నాలో విద్వాంసుడుగా గౌరవం పొంది, ఫ్రీమేసన్ల సభలో సభ్యుడయ్యాడు. 1796లో అతను చనిపోతే, కన్నకూతురు ఎంత మొత్తుకున్నా వినక, అతని చర్మాన్ని బొమ్మకు తొడిగి చక్రవర్తి వస్తుప్రదర్శనశాలలో నిలబెట్టారు. బతికుండగా సోదరుడన్న సంఘం చచ్చాక అతణ్ణి ప్రదర్శనవస్తువు కాకుండా కాపాడలేకపోయింది.

ఇక తల్లి. ఆమె భర్త చనిపోతూ, శక్తికి మూలమైన సూర్యచక్రాన్ని సరస్ట్రో బృందానికి అప్పగించి, భార్యాబిడ్డలను ఆ పెద్దల చెప్పుచేతల్లో ఉండమన్నాడు. అంటే చీకటివెలుగుల యుద్ధం కింద ఉన్నది ఆస్తి తగాదా. అధికారం మగవారి మధ్యనే చేతులు మారిన కథ. పమినాతో సరస్ట్రో, నిన్ను ప్రేమకు బలవంతపెట్టను, కాని స్వేచ్ఛ మాత్రం ఇవ్వను అన్న ధోరణిలో మాట్లాడతాడు. 1975లో బెర్గ్‌మన్ తన సినిమాలో సరస్ట్రోను పమినా తండ్రిగా మార్చింది ఈ ఇబ్బందిని తప్పించడానికే కాబోలు.

అయితే ఈ కృతిని తోసిపుచ్చాలా? తోసిపుచ్చనక్కర్లేదని కృతిలోని రెండు విషయాలు నాకు చెబుతున్నాయి. ఒకటి, చివరి పరీక్షలో ముందు నడిచేది టమినో కాదు. పమినా అతని చెయ్యి పట్టుకుని దారి చూపుతుంది. వేణువును తన తండ్రి వెయ్యేళ్ళ ఓకు చెట్టు నుంచి చెక్కాడని చెప్పేదీ ఆమే. ఆ వేణువు గుడి ఇచ్చింది కాదు, రాణి పంపింది. రాత్రి ఇచ్చిన వేణువు లేకుండా వెలుగు నిప్పును దాటలేదు. రెండు, పరీక్షల్లో ఓడిన పపగేనోకు గుడిలో చోటు దక్కదు గాని, మొజార్ట్ సంగీతంలో అతనికి తక్కువేమీ లేదు. పపగేనా దొరికినప్పటి అతని ఆనందానికి స్వరకర్త పూజారుల గానానికిచ్చినంత శ్రద్ధా ఇచ్చాడు.

నలుపును గురించిన మాటలు తీసేసి నేడు ఈ నాటకాన్ని ఆడేవారున్నారు. వారి ఉద్దేశం మంచిదే. కాని మచ్చను చెరిపేస్తే, వెలుగు గుళ్ళకు మచ్చలుండవనే భ్రమ మిగులుతుంది. ఆ భ్రమ మనకు ప్రమాదం. మనమూ వెలుగు పేరుతో సంఘాలు పెట్టుకున్నవాళ్ళమే. మన సభల్లో వేదిక మీద ఎవరున్నారో, కుర్చీలు మోసేదెవరో, ఎవరి మౌనాన్ని మనం క్రమశిక్షణ అంటున్నామో చూసుకోవడానికి ఈ నాటకం యథాతథంగా ఉండాలి.

ఆ విద్యార్థినికి ఇప్పుడు చెప్పగలను. ఆ తల్లి తనది తనకు కావాలంది; అది తప్పు కాదు. దానికోసం కూతురి చేతికి కత్తి ఇచ్చి సరస్ట్రోను చంపమంది, అది తప్పు. గుడి ఆ రెంటినీ ఒకే నేరంగా కట్టి శిక్షించింది. వాటిని విడదీసి చూపడమే విమర్శకుని పని.