ఒత్తు వ్రాయగల ఇంజిను

చిన్న నిర్మాతలకు వెల లేకుండ లభించుటచేత లోకమంతట వ్యాపించిన యూనిటీ యను గేమ్ ఇంజినునకు యజమానులైనవారు, 2023 సెప్టెంబరు 12వ తేదీన, తమ ఇంజినుతో తయారైన ఆటను ఎవరైనను క్రొత్తగ ఇన్‌స్టాల్ చేసికొనినప్పుడెల్లను, రాబడి ఒక హద్దు దాటిన నిర్మాత కొంత రుసుము చెల్లింపవలెననియు, అంతకుముందే విడుదలయైన ఆటలకును ఆ నియమము వర్తించుననియు ప్రకటించిరి. కోలాహలము మిన్నుముట్టినది, మరుసటి యేడు సెప్టెంబరులో ఆ రుసుమును వారే రద్దు చేసిరి. తీరిక వేళల వినోదార్థము ఆటలు కట్టుకొను నావంటి వానికి ఆ సుంకము తగులునది కాదు. అయినను, వెల లేకుండ నిచ్చుట వేరు, తిరిగి తీసికొనజాలని విధమున నిచ్చుట వేరు. పనిముట్టును చేపట్టుటకు పూర్వమే దాని లైసెన్సును చదువవలెనని నేను యువకులకు చెప్పుచుండుట యందువలననే.

చదువుట కష్టమును కాదు. అర్జెంటీనా దేశమందలి హువాన్ లినియెట్‌స్కీ, ఆరియల్ మన్సూర్ అను నిరువురు తమ వృత్తికొరకు నిర్మించుకొని, శామ్యూల్ బెకెట్ నాటకమునుండి పేరు పెట్టి, 2014లో సోర్సుకోడుతో సహా లోకమునకు విడిచిన గోడో ఇంజినునకు గల ఎం.ఐ.టి. లైసెన్సు ఒక పుటకు మించదు: వాడుకొనుడు, మార్చుకొనుడు, అమ్ముకొనుడు, మా హక్కుల ప్రకటనను మాత్రము తొలగింపకుడు, చెడిన మాది పూచీ కాదు. ఇంతే. నాటినుండి నేటివరకు వెలువడిన ఏ ప్రతిని గాని ఆ షరతులనుండి వెనుకకు లాగుట ఎవరి తరమును కాదు.

అట్లని లైసెన్సొక్కటియే రక్షయని భ్రమింపరాదు. త్రిమితీయ చిత్రములను రూపొందించు బ్లెండరు అను సాఫ్ట్‌వేరును పోషించుచున్న డచ్చి సంస్థ 2002లో మూతపడగా, దాని కర్తయైన టోన్ రోజెందాల్ ప్రజలనుండి లక్ష యూరోలు సేకరించి, సోర్సుకోడును విడిపించి, ఆ యక్టోబరులోనే జి.పి.ఎల్. యను స్వేచ్ఛా లైసెన్సు క్రింద విడుదల చేయుట మన కాలపు మహత్కార్యములలో నొకటి. కాని, అదే బ్లెండరులో నిమిడియుండిన గేమ్ ఇంజిను, ఆలనపాలన చూచువారు చాలక, 2019 నాటి 2.80 ప్రతినుండి తీసివేయబడినది. పట్టుదల గల కొందరు యూ.పీ.బీ.జీ.ఈ. యను వేరొక శాఖగ దానిని నిలుపుకొనుచున్నారు. కోడు చావలేదు, కాపురమే మారినది. కావున లైసెన్సు చదివిన పిదప, నిన్నమొన్నటి మార్పులను ఎవరు చేసిరో, లోపము చెప్పిన ఎవరు పలికిరో అదియు చూచుకొనవలెను.

తెలుగువానికి మరియొక పరీక్ష కలదు: ఇంజిను ఒత్తులను సరిగ చూపునా యని. ఇంజిన్లను పోల్చుచు ఆంగ్లమున వ్రాయు వ్యాసములలో దాని ఊసు అరుదు. ‘లక్ష్మి’ యను పేరును కంప్యూటరు ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి యను సంకేతముల వరుసగ దాచును. ఆ వరుసను చూచి, షకార మకారములు ఒత్తులై క్రిందికి దిగవలెననియు, అన్నిటికిని కడపట వచ్చిన గుడి ముందున్న కకారము తల కెక్కవలెననియు, ఫాంటులోని నియమముల ననుసరించి నిర్ణయించు పనిని హార్ఫ్‌బజ్ అను ఓపెన్ సోర్స్ లైబ్రరీ చేయును. అట్టి మధ్యవర్తి లేని ఇంజినులో ఒత్తులన్నియు పొల్లులై, అచ్చుతప్పుల పుస్తకమువలె, తెర నిండ బారులు తీరును. గోడో 3లో ఈ యేర్పాటు లేదు. 2023 మార్చిలో వెలువడిన గోడో 4లో కలదు. సీ భాషవారు మెచ్చు రేలిబ్ అను ఆటల లైబ్రరీ, స్వతహాగ, ఒక్కొక్క సంకేతమునకు ఒక్కొక్క బొమ్మ చొప్పున గీయుచు పోవును. లువా భాషతో నడచు లవ్ అను ఇంజిను యొక్క 11వ ప్రతియు నంతే. 2024లో విశేషాదరణ పొందిన బలాట్రో ఆట ఆ లవ్‌తోనే నిర్మితమైనదన్న కీర్తి మన ఒత్తులకు ఒరుగబెట్టునది లేదు. మాటలను ముందే చిత్రములుగ గీసి అతికించువారు కలరు గాని, ఆటగాండ్ర పేర్లు, అంకెలు క్షణక్షణము మారుచుండు ఆటలో ఆ యుపాయము చెల్లదు.

నేను పులిజూదమును కట్ట నారంభించినప్పుడు గోడోను వరించుటకు ఒత్తులను సరిగ చూపు నీ గుణమే ప్రధాన హేతువు. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు స్థానములు గల ఆ ఫలకమునకు గోడోవారి సీను పద్ధతి చక్కగ నమరినది: ఒక మేకను దాని బొమ్మతో, ధ్వనితో, కదలిక కోడుతో ఒక సీనుగ కూర్చి, దానినే పదునైదు మారులు వినియోగించుకొనవచ్చును. గోడోలో కోడు వ్రాయు భాషయైన జీడీస్క్రిప్టు పైథాను నెరిగినవారికి పరాయిగ తోపదు. మేక చచ్చినప్పుడు తెరపై కనుపించు మాటలకు సిలికానాంధ్రవారు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో విడుదల చేసిన మండలి ఫాంటును వాడితిని. దాని గుండ్రదనము నాకు ప్రీతిపాత్రము.

ఎడిటరు అక్కరలేదని, ప్రతి గీతయు తన చేతితోనే గీయవలెనని పట్టుబట్టువాడు రేలిబ్‌నే పట్టుకొనవచ్చును. కంప్యూటరు తెరను ఎట్లు నింపునో దానివలన తెలిసినంత గోడోవలన తెలియదు. రస్టు భాషపై మోజు గలవారికి బెవీ యను ఇంజిను కలదు. ప్రతి నూతన ప్రతికిని పాత కోడును సవరించుకొను ఓర్పుండవలెను. ప్లేస్టేషను, నింటెండో యంత్రములపై ఆటను అమ్మ నెంచువాడు మాత్రము వేరుగ నాలోచింపవలసియున్నది: ఆ సంస్థల సాధనములు గోప్యతా ఒప్పందములకు లోబడినవగుటచేత వానిని బహిరంగమైన కోడులో చేర్చుటకు వీలులేదు, కనుక గోడో ఆటను ఆ యంత్రములకు చేర్చుటకు తరచుగ ప్రత్యేక సంస్థల నాశ్రయింపవలసివచ్చును. నా పులులకు ఆ బెంగ లేదు. వానికి బ్రౌజరు చాలును.