బోధకుని వాక్కు, శ్రోత ప్రమాణము: అగస్టీను వాగ్మితా విచారము

ధర్మగ్రంథమును చేతబట్టి సభలో నిలిచినవానికి వాక్చాతుర్య మెంతవఱకు ఆవశ్యకము? సత్యము తనంత తానే చాలునని కొందఱు, అలంకార రహితమైన సత్యము చెవికెక్కదని కొందఱు చెప్పుదురు. క్రైస్తవ బోధనకళకు సంబంధించి ఈ ప్రశ్నను శాస్త్రీయముగ విచారించినవారిలో హిప్పో నగరపు బిషప్పు అగస్టీను (354–430) ముఖ్యుడు. ఆతని ‘క్రైస్తవ బోధనమును గూర్చి’ యను లాటిను గ్రంథమున 426–27 ప్రాంతమున చేర్చబడిన నాలుగవ భాగము చెప్పు విధమునకే ఉద్దిష్టము. ఇది సిసెరో వాగ్మితాశాస్త్రమునకు క్రైస్తవ రూపాంతరమే యని చెప్పుట అర్ధసత్యమని మా అభిప్రాయము. కొలబద్ద పాతదే, కాని కొలుచుచోటు మాఱినది.

అగస్టీను బిషప్పు కాకపూర్వము అలంకారశాస్త్రోపాధ్యాయుడు. యౌవనమున బైబిలును చదివి, సిసెరో గాంభీర్యము ముందు అది చిన్నబోయినదని తలంచినట్లు తన ఆత్మకథలో ఒప్పుకొనెను. వృద్ధాప్యమున ఆతని యెదుట రెండు మార్గములుండెను: నాడు ఓడిన పరీక్షలోనే గ్రంథమును నెగ్గించుట, లేక పరీక్షనే మార్చుట. ఆతడు రెండును చేసెను. పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో శ్రమనుండి ఓర్పునకు, ఓర్పునుండి యోగ్యతకు, దానినుండి నిరీక్షణకు మెట్టుమెట్టుగ సాగు వాక్యమును చూపి, అందలి అలంకారమును పేరుతో గుర్తించెను. మన ఆలంకారికులు దీనిని కారణమాల యందురు. ఇట్టి విశ్లేషణము రమ్యమే కాని, గ్రంథ గౌరవమునకు ఆలంకారికులనే సాక్షులుగ పిలిచినట్లగుచున్నది. జ్ఞానము నడచుచుండగా వాగ్మిత పిలువని దాసివలె వెంబడించునని చెప్పి ఆతడీ చిక్కును కొంత సడలించెను.

రెండవ మార్గమే అసలు విశేషము. బోధించుట, రంజింపజేయుట, చలింపజేయుట యను మూడు ప్రయోజనములను, సరళ మధ్యమోదాత్తములను మూడు శైలులను ఆతడు సిసెరోనుండియే గ్రహించెను. కాని సిసెరో విషయముయొక్క అల్పత్వ మహత్త్వములతో శైలిని ముడిపెట్టెను. ధర్మబోధకునికి అల్పవిషయమే లేదని, దప్పిగొన్నవానికిచ్చు గిన్నెడు చన్నీళ్లును మహావిషయమేనని అగస్టీను వాదించెను. అప్పుడు శైలిని నిర్ణయించునది వస్తువు కాదు, శ్రోతయొక్క అవస్థ. తెలియనివానికి సరళము, తెలిసియు కదలనివానికి ఉదాత్తము. క్షేమేంద్రుని ఔచిత్యము రసమును ఆశ్రయించినది. ఈ ఔచిత్యము శ్రోతను ఆశ్రయించినది.

భాషావిషయమున ఆతని ఉదాహరణము తెలుగువారికి మిక్కిలి ఆసక్తికరము. లాటినులో హ్రస్వముతో ‘ఒస్’ అనగా ఎముక, దీర్ఘముతో ‘ఓస్’ అనగా నోరు. ఆఫ్రికా జనుల చెవికి ఈ భేదము తోచదు. కావున వైయాకరణులు నిరసించినను ‘ఒస్సుమ్’ అను లోకరూపమునే బోధకుడు వాడవలెనని ఆతడు విధించెను. తలుపు తెఱువని బంగారు తాళపుచెవికన్న తెఱచు కొయ్య చెవి మేలని ఆతని తీర్పు. గిడుగు రామమూర్తి (1863–1940) వ్యావహారికోద్యమమును ఇది స్ఫురింపజేయును. కాని రెండును ఒకటి కావు. సాధురూపము స్పష్టముగ నున్నచోట అగస్టీను దానినే కోరెను. పైగా సభలో కూర్చున్నవాడు ప్రశ్నింపజాలడు గనుక, వాని ముఖమున గ్రహింపు కానవచ్చువఱకు విషయమును పలువిధముల త్రిప్పి చెప్పవలెననెను. కంఠస్థము చేసి వచ్చినవానికి అది సాధ్యము కాదు.

ఈ సిద్ధాంతమునకు నికషము సిజేరియా ఉదంతము. నేటి అల్జీరియాలోని ఆ పట్టణమునకు ఆతడు 418లో వెళ్లెను. అచ్చట ఏటేట పౌరులు, తండ్రికొడుకులు సైతము, రెండు పక్షములై కొన్నిదినములు రాళ్లతో పోరాడుకొను ఆచారముండెను. ఆతడు ఉదాత్తశైలిలో ప్రసంగించెను. వారు హర్షధ్వానములు చేసినంతసేపు తన పని నెరవేఱలేదనియే తలంచెను. కన్నీరు చూచిన పిమ్మట నమ్మెను. కాని మా దృష్టిలో కన్నీరును సూచన మాత్రమే. ఎనిమిదేండ్లకు పైగా అట్టి పోరాటము మరల జరుగలేదని ఆతడు చేర్చిన మాటయే నిజమైన సాక్ష్యము. ఈ ఘట్టమున ఆ ప్రసంగమునుండి ఒక్క వాక్యమునైనను ఆతడు ఉదాహరింపకుండుట గమనింపదగినది.

శ్రోతయే ప్రమాణమైనచో జనమును రెచ్చగొట్టువాడును జయించినవాడే కాడా యను ఆక్షేపము కలదు. దీనికి శైలీశాస్త్రమున సమాధానము లేదని అగస్టీను ఎఱుగును. అందువలననే బోధకుడు పలుకుటకు ముందు ప్రార్థింపవలెననియు, వాక్కుకన్న వక్త జీవితమునకే బరువెక్కువ యనియు చెప్పెను. ఉపన్యాస వాఙ్మయమును, పురాణ ప్రవచనమును గాని, చర్చి ప్రసంగమును గాని, పరిశోధించువారు ముద్రితపాఠముతో తృప్తిపడరాదు. విన్నవారేమైరో కూడ విచారింపవలెను. అది తెలియనిదే ప్రసంగ విమర్శ సగమే యగును.