పాటకు చూపు: విద్యార్థి బృందాల దృశ్యగీతాల్లో షాట్ల ప్రణాళిక

విద్యార్థులు ఒక బృందంగా చేరి, సొంతంగా పాట కట్టుకుని, దానికి తామే దృశ్యరూపం ఇచ్చుకోవడం నేడు కళాశాలల్లో సాధారణమైంది. జేబులోని ఫోనే కెమెరా కావడంతో ఖర్చు తగ్గింది. ఖర్చుతోపాటు ముందస్తు ఆలోచన కూడా తగ్గిందని చెప్పక తప్పదు. తెలుగునాట వెలుపల మన విద్యార్థులు తీస్తున్న దృశ్యగీతాల్లో తరచుగా కనిపించే లోపం ఒకటుంది. పాట వింటే బాగుంటుంది, చూస్తే మాట జారిపోతుంది. ఈ లోపానికి మూలం పరికరాల్లో లేదు, షాట్ల ప్రణాళికలో ఉంది అన్నది ఈ వ్యాసంలోని ప్రతిపాదన.

మాట జారిపోవడం మనవంటి వారికి చిన్న విషయం కాదు. బళ్ళారిలో, హోసూరులో, బరంపురంలో, షోలాపురంలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో మరో భాష చదువుకున్నవారు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందికి తెలుగు లిపి రాదు. అటువంటి శ్రోత తెలియని మాటను పాడేవాడి పెదవులు చూసి పట్టుకుంటాడు. ఆ క్షణంలో తెరమీద గిటారు తీగలో, ఆకాశంలో పక్షులో కనిపిస్తే ఆ మాట అతనికి చేరదు. కనుక ఏ మాట దగ్గర కెమెరా ఎక్కడుండాలన్నది మనకు అందానికి మించిన ప్రశ్న.

లోకంలో పేరుపొందిన కొన్ని దృశ్యగీతాలను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

మొదటిది బాబ్ డిలన్ పాట ‘సబ్‌టెరేనియన్ హోమ్‌సిక్ బ్లూస్’. 1965లో లండన్‌లో సవాయ్ హోటల్ వెనుక సందులో డి. ఎ. పెన్నబేకర్ దీన్ని చిత్రీకరించాడు. 1967లో విడుదలైన ఆయన డాక్యుమెంటరీ చిత్రం దీనితోనే మొదలవుతుంది. ఒకే షాట్, కదలని కెమెరా. డిలన్ పాడడు, పెదవి కదపడు. పాటలోని ముఖ్యమైన మాటలు రాసిన అట్టలను ఒక్కొక్కటిగా చూపి కింద పడేస్తాడు. అట్టమీద పాదమంతా ఉండదు, ఒకటి రెండు మాటలే ఉంటాయి. కొన్నిచోట్ల కావాలనే తప్పు వర్ణక్రమం ఉంటుంది. ఒకచోట పాటలో ఒక సంఖ్య, అట్టమీద మరో సంఖ్య. చూసేవాడు చెవినీ కంటినీ పోల్చుకుంటూ ఉండవలసి వస్తుంది. ఇందులో కెమెరా పనితనం దాదాపు శూన్యం, ప్రణాళిక మాత్రం సంపూర్ణం. ఏ మాట కనపడాలి, ఎంతసేపు కనపడాలి అన్నది ముందే తేలిపోయింది. లిపి రాని తెలుగు శ్రోతల మధ్య ఉన్న మన విద్యార్థులకు ఇంతకంటె చవకైన, ఉపయోగకరమైన నమూనా దొరకదు. పాటలో పది మాటలు ఎన్నుకుని పెద్ద తెలుగక్షరాలతో రాసి చూపితే, ఆ పది మాటలైనా చూసినవారికి మిగులుతాయి.

రెండవది క్వీన్ బృందం పాట ‘బొహీమియన్ రాప్సడీ’. 1975 నవంబరులో బ్రూస్ గవర్స్ దర్శకత్వంలో ఎల్‌స్ట్రీలో కొద్ది గంటల్లోనే దీన్ని చిత్రీకరించారు. 5 నిమిషాల 55 సెకన్ల ఈ పాట ఒకే తీరున నడవదు. నెమ్మదైన గీతం, గిటారు వాదన, ఆపెరా ధోరణి, హోరెత్తే రాక్, మళ్ళీ శాంతం, ఇలా విడిపోతుంది. దృశ్యం కూడా ఆ విభజననే పాటించింది. ఆపెరా భాగంలో చీకటిలో నాలుగు ముఖాలు మాత్రమే కనిపిస్తాయి. 1974 నాటి వారి ‘క్వీన్ 2’ రికార్డు అట్టమీది ఛాయాచిత్రమే దానికి మాతృక. రాక్ భాగానికి రాగానే వేదిక, వాద్యాలు, దీపాలు. గొంతు ప్రతిధ్వనించే చోట ముఖం కూడా వెనక్కి వెనక్కి పోతూ ప్రతిబింబిస్తుంది. కెమెరాను మానిటర్ వైపు తిప్పి ఆ తమాషా సాధించారు. స్వరం పెరిగిన చోటే బింబం పెరగడం వల్ల అది ఆడంబరం అనిపించదు. మన విద్యార్థుల చిత్రాల్లో ఇటువంటి చమత్కారాలు ఎక్కడ పడితే అక్కడ వస్తాయి. అక్కడెందుకు వచ్చిందని అడిగితే సమాధానం ఉండదు. అయితే క్వీన్ చిత్రంలో రాక్ భాగం మామూలు వేదిక చిత్రీకరణకు దిగిపోయిందని కూడా గమనించాలి. నాలుగు ముఖాల దృశ్యంలోని కల్పన అక్కడ లేదు.

మూడవది ఓకే గో బృందం 2006లో విడుదల చేసిన ‘హియర్ ఇట్ గోజ్ అగైన్’. ఎనిమిది ట్రెడ్‌మిల్ యంత్రాల మీద నలుగురు బృంద సభ్యులు చేసే విన్యాసం ఇది. నృత్యం కూర్చినది ట్రిష్ సీ. ఇదీ ఒకే షాట్, కెమెరా స్థిరం. నలుగురి నిలువెత్తు రూపాలూ అన్ని యంత్రాలూ ఎప్పుడూ ఫ్రేములో ఉండాలి గనుక కెమెరా దగ్గరకు పోదు. పోతే విన్యాసం తెగిపోతుంది. ఇక్కడ శ్రమంతా సాధనలో ఉంది. ఈ చిత్రం 2007లో గ్రామీ పొందింది. కాని ఒక మాట చెప్పాలి. ఇది చూసినవారికి యంత్రాలు గుర్తుంటాయి, పాటలోని మాటలు గుర్తుండవు. మాట నిలవాలని కోరుకునే బృందం దీని క్రమశిక్షణను గ్రహించి పద్ధతిని వదిలేయడం మేలు.

మన ఉదాహరణ లేకుండా ఈ చర్చ పూర్తి కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో పడవపాట తెలియనివారు అరుదు. పింగళి రచన, ఘంటసాల, లీల గానం, కె. వి. రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణం. అందరూ అందులోని వెన్నెలను మెచ్చుకుంటారు, మెచ్చుకోదగినదే. షాట్ల దృష్టితో చూస్తే మరో విశేషం కనిపిస్తుంది. పాట సాగుతుండగా పడవలో జంటలు మారుతాయి. శశిరేఖాభిమన్యుల పాట పెద్దల పాట కూడా అవుతుంది. పల్లవి మళ్ళీ వచ్చినప్పుడు పాత బింబం పునరుక్తి కాదు, కొత్త అర్థం చేరుతుంది. కదలిక పడవే ఇస్తున్నది గనుక కెమెరా తొందరపడనక్కరలేదు. ఈ చిత్రాన్ని నిర్మించినది మద్రాసులో. తెలుగునేలకు వెలుపల ఉండడం తెలుగు పాటకు ఏనాడూ అడ్డు కాలేదు. బెంగళూరుకు చెందిన అగం బృందం త్యాగరాజ కృతులను రాక్ వాద్యాలతో పాడుతున్నది కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోదగినదే.

ఇక ప్రణాళిక విషయం. కెమెరా తీయకముందు కాగితం తీయాలి. ఉదాహరణకు పాట నిడివి మూడున్నర నిమిషాలు, నడక నిమిషానికి 96 దెబ్బలు అనుకుందాం. మొత్తం 336 దెబ్బలు, నాలుగేసి దెబ్బల ఆవర్తాలు 84. ఆవర్తానికో షాట్ మారిస్తే 84 షాట్లు కావాలి, ఒక్కొక్కటి రెండున్నర సెకన్లు. ఏ మాటా పూర్తిగా నిలవదు. నాలుగు ఆవర్తాలకొకటి చొప్పున అయితే 21 షాట్లు చాలు, ఒక్కొక్కటి పది సెకన్లు. విద్యార్థి బృందానికి ఇది సాధ్యమైన లెక్క. కాగితం మీద నాలుగు గడులు గీసి కాలం, సాహిత్యం, వాద్యం, షాట్ రాసుకోవాలి. పల్లవి మొదటిసారి, చివరిసారి ఒకే షాట్‌లో రాకుండా చూసుకోవాలి. వాద్యం ఒంటరిగా మోగే చోట వాయించేవారి చేతులు చూపాలి. గాయకుడి ముఖం అక్కడ అనవసరం.

తెలుగు ధ్వనుల స్వభావం కూడా ఈ లెక్కలో చేరాలి. ప, బ, మ వంటి ఓష్ఠ్యాలకు పెదవులు పూర్తిగా మూసుకుంటాయి. పాటకూ బొమ్మకూ పొంతన తప్పితే ముందుగా బయటపడేది వీటి దగ్గరే. కనుక ఓష్ఠ్యాలు ఎక్కువగా ఉన్న పాదాన్ని క్లోజప్‌లో తీసేటప్పుడు రికార్డు చేసిన పాటను గట్టిగా మోగిస్తూ, గాయకుడిచేత నిజంగానే గొంతెత్తి పాడించాలి. ఊరికే పెదవి కదిపితే మెడ నరాలు, ఊపిరి అబద్ధం చెబుతాయి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, గాయకుడు ఆ చివరి అచ్చును సాగదీస్తాడు. షాట్‌ను దెబ్బ మీద తెంచాలనే ఆత్రంలో ఆ సాగుడు మధ్యలో తెంచితే మాట సగంలో విరిగినట్టుంటుంది. అచ్చు విశ్రమించాక తెంచడం మేలు.

చివరగా స్థలం గురించి. మన విద్యార్థులు తమ ఊరిని దాచి, సినిమా పాటల్లో చూసిన ఊరిని పోలిన గోడల ముందు నిలబడుతున్నారు. తమ ఊరి గుర్తులేవీ ఫ్రేములోకి రాకుండా జాగ్రత్తపడుతున్నారు. షోలాపురం బృందానికి మగ్గాల చప్పుడు ఉంది. యానాం బృందానికి గోదావరి గట్టు ఉంది. బరంపురం బృందానికి ఒడియా, తెలుగు కలిసి వినిపించే బజారు ఉంది. ఒడియా అక్షరాల బోర్డు ముందు తెలుగు పాట పాడడంలో చిన్నతనమేమీ లేదు. ఆ పాట ఎవరిది, ఎక్కడిది అన్నది ఆ ఒక్క షాట్ చెబుతుంది. ఇరవై ఒక్క షాట్లలో కనీసం మూడింటిని ఇందుకు కేటాయించమని విద్యార్థి మిత్రులకు మా సూచన.