గూడవల్లి రామబ్రహ్మం – కథావస్తువు, పెట్టుబడి, పరిష్కారం

తెలుగు సినిమా మాటలు నేర్చిన తొలి సంవత్సరాలలో తెర మీద ఎక్కువగా కనిపించినవారు దేవుళ్లు, రాజులు, పతివ్రతలు. ఆ తెర మీదికి మాలపల్లెనూ, అప్పుల్లో కూరుకుపోయిన రైతునూ తీసుకువచ్చినవాడు గూడవల్లి రామబ్రహ్మం. ఇందుకు ఆయనను మనం తరచుగా పొగుడుతూనే ఉంటాం. కాని పొగడ్త విమర్శ కాదు. ఆ చిత్రాలు ఎంతవరకు వెళ్లాయి, ఎక్కడ ఆగిపోయాయి, ఎందుకు ఆగిపోయాయి అని అడిగినప్పుడే ఆయన కృషి విలువ తేలుతుంది.

రామబ్రహ్మం 1902లో కృష్ణాజిల్లా నందమూరులో పుట్టాడు. సినిమాకు రాకముందు పత్రికా రచయిత. 'సమదర్శిని', 'ప్రజామిత్ర' పత్రికలు నడిపాడు. బ్రాహ్మణేతరోద్యమం, జాతీయోద్యమం, సంఘసంస్కరణ, రైతు సమస్య అన్నీ ఆనాటి డెల్టాలో ఒకేసారి ఉడుకుతున్నాయి. ఆ వేడిలో తయారైన సంపాదకుడు కెమెరా చేతికి రాగానే సంపాదకీయం రాయడం మానలేదు. అదే ఆయన బలం.

1938లో వచ్చిన 'మాలపిల్ల'కు కథ చలం ఇచ్చాడు, మాటలు తాపీ ధర్మారావు రాశాడు. బ్రాహ్మణ యువకుడు నాగరాజు, మాలపిల్ల శంపాలత ప్రేమించుకుంటారు. అంతకు రెండేళ్ల ముందు బొంబాయిలో తీసిన 'అఛూత్ కన్య'లోనూ ఇలాంటి ప్రేమే ఉంది. అక్కడ అంటరాని పిల్ల చివరకు రైలు కింద పడి చనిపోతుంది. ప్రేక్షకుడు కన్నీరు తుడుచుకుని, సంఘాన్ని ఉన్నచోటనే వదిలి ఇంటికి వెళతాడు. రామబ్రహ్మం తన నాయికను చంపలేదు. ఆమె కలకత్తా వెళ్లి బతికింది. ఆనాటికి ఇది చిన్న సాహసం కాదు.

అయితే పరిష్కారం చూడండి. చెరువు నీళ్లు నిరాకరించడం, దానికి జవాబుగా హరిజనులు పొలం పనులు మానడం కథలో ఉన్నాయి. శ్రమ ఆగితే ఊరు ఆగుతుందన్న సత్యాన్ని చిత్రం తాకింది. కాని సుందరరామశాస్త్రి మనసు మార్చింది ఆ సమ్మె కాదు. మంటల్లో చిక్కుకున్న ఆయన భార్యను ఒక హరిజనుడు కాపాడడం వల్ల ఆయన మారాడు. అంటే గుడిలో అడుగు పెట్టే హక్కు కోసం అంటరానివాడు ముందు ప్రాణాలకు తెగించి తన మంచితనాన్ని రుజువు చేసుకోవాలి! శాస్త్రిగారు మాత్రం ఏ రుజువూ చూపనక్కరలేదు. హక్కును బహుమతిగా మార్చే ఈ దృష్టి ఆనాటి హరిజనోద్ధరణ ఉద్యమపు పరిమితి. రామబ్రహ్మం దాన్ని దాటలేదు.

1939లో వచ్చిన 'రైతుబిడ్డ' ఇంకా ముందుకు నడిచింది. 1937 ఎన్నికలు, జమీందారీ సమస్యపై ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1938లో ఇచ్చిన నివేదిక ఆ చిత్రానికి నేపథ్యం. బళ్లారి రాఘవ ధరించిన రైతు పాత్ర షావుకారుకు బాకీపడినా, జమీందారు నిలబెట్టిన మనిషికి ఓటు వేయదు. దాని ఫలితాన్ని కుటుంబమంతా అనుభవిస్తుంది. ఓటు, అప్పు, భూమి మూడూ ఒకే ముడిలో బిగిసి ఉన్నాయని చూపడం ఈ చిత్రం సాధించిన అసలు విజయం. కొసరాజు పాటల్లో పల్లె పలుకు వినిపించింది. జమీందార్లు ఊరుకోలేదు, చిత్రం నిషేధానికి గురైంది. శత్రువు గుర్తించిన పదును కంటె మంచి యోగ్యతాపత్రం ఏముంటుంది?

మరి, ఈ రెండు చిత్రాలనూ నిర్మించిన సారథి సంస్థకు అధ్యక్షుడెవరు? చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్. జమీందారీ వ్యతిరేక చిత్రానికి జమీందారు డబ్బు! దీన్ని వింతగా చెప్పుకుని నవ్వుకోవడం తేలిక. జమీందార్లలోనూ ముఠాలున్నాయి, సంస్కరణాభిమానమూ ఉంది. ఆ సందులోంచి కళాకారుడు ఒక నిజం చెప్పగలిగాడు. కాని ఆ సందు వెడల్పెంతో నిర్ణయించింది పెట్టుబడే. అందుకే 'రైతుబిడ్డ'లోనూ కథ చివరకు జమీందారు హృదయ పరివర్తన దగ్గరే ఆగింది. తెర బయట అలా జరగలేదు. జమీందారీ రద్దుకు 1948 దాకా, చట్టం దాకా పోవలసి వచ్చింది. దివిసీమలో చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం రైతుకూలీలు పోరాడవలసే వచ్చింది.

ఆ తరువాత 'ఇల్లాలు', 'అపవాదు', 'పత్ని', 'పంతులమ్మ', 'మాయాలోకం' వచ్చాయి. కుటుంబం, పురాగాథ, జానపదం – వస్తువు క్రమంగా మెత్తబడింది. యుద్ధకాలపు ముడిఫిలిం కొరత, నిషేధం మిగిల్చిన నష్టం ఉన్నచోట నిర్మాత ధైర్యం నిలవదు. 'పల్నాటి యుద్ధం' పూర్తి కాకుండానే 1946లో రామబ్రహ్మం కన్నుమూశాడు. మిగిలిన భాగం ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసి 1947లో విడుదల చేశాడు.

ఆయన వేసిన బాట మూసుకుపోలేదు. 'మాలపిల్ల'కు మాటలు రాసిన తాపీ ధర్మారావే 1943లో తెనాలిలో జరిగిన అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభకు అధ్యక్షత వహించాడు. ఆయన కుమారుడు చాణక్య అదే సారథి పేరు మీద 1955లో 'రోజులు మారాయి' తీశాడు.

ఇవాళ కెమెరాలు చవకైనాయి. కథలకు కొదవ లేదు. అయినా కౌలురైతు, దళిత కూలీ మన తెర మీద ఎంతసేపు నిలుస్తున్నారు? నిలిచినా, వారిని ఆదుకోవడానికి ఒక కథానాయకుడు పైనుంచి దిగుతూనే ఉన్నాడు. శాస్త్రిగారి హృదయ పరివర్తనకు ఇది కొత్త వేషం. రామబ్రహ్మాన్ని గౌరవించడమంటే విగ్రహానికి దండ వేయడం కాదు. ఆయన చిత్రంలో పొలం పని మానిన ఆ చేతులనుంచి కథను మళ్లీ మొదలుపెట్టడం.