మేస్త్రీ ఫోన్ చెయ్యని ప్లాన్

హైదరాబాదు అఫ్జల్‌గంజ్ బస్టాపు వెనక సందుల్లో నాలుగు మూలలూ మట్టానికి ఉన్న జాగా దొరకడం కష్టం. తాతలనాటి ఇల్లు అన్నదమ్ములు పంచుకోవడం, అందులో ఒకరు తన వాటాలో సగం అమ్ముకోవడం, కొన్నవాడు తనకు తోచినచోట గోడ లేపడం... ఇలా ఏళ్లు గడిచాక ఒక గోడకీ ఇంకో గోడకీ పొత్తు కుదరదు. అలాంటి 58 గజాల ముక్కలో కట్టబోయే ఇంటికి ఒక డ్రాఫ్ట్స్‌మన్ ఆటోక్యాడ్‌లో గీసిన ప్లాన్ ఈమధ్య నా చేతికొచ్చింది. ఒకే ఒక్క ఏ-3 షీటు. అంత పొదుపుగా, అంత నిజాయితీగా గీసిన కాగితం నేను చూసి చాలాకాలమైంది.

ముందు జాగా సంగతి. రిజిస్ట్రేషన్ కాగితాల్లో 15 అడుగులకు 35 అని ఉంది. టేపు పెట్టి చూస్తే ముందు 14 అడుగుల 2 అంగుళాలు, వెనక 16 అడుగుల 9 అంగుళాలు, ఎడమ 34 అడుగులు, కుడి 33 అడుగుల 5 అంగుళాలు. చిత్రమేమిటంటే గజాలు మాత్రం రెండు లెక్కల్లోనూ ఇంచుమించు ఒకటే. అందుకే చాలామంది కాగితంలో ఉన్న 15×35 డబ్బాను కంప్యూటర్లో గీసేసి గదులు పెట్టడం మొదలుపెడతారు. పునాదికి ముగ్గు పోసే రోజున ముందు గోడ పది అంగుళాలు పక్కింట్లోకి వెళ్తుంది.

మనవాడు ఆ పని చెయ్యలేదు. నాలుగు భుజాలతో పాటు రెండు కర్ణాలూ కొలిచాడు. నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన ఆకారం తెలియదు, అది అటూ ఇటూ వాలుతుంది. ఒక కర్ణం తోడైతే కదలదు. తెర మీద ముందు గీత గీసి, దాని రెండు చివర్ల నుంచి ఎడమ భుజం కొలతతో ఒక సర్కిల్, కర్ణం కొలతతో ఇంకో సర్కిల్ వేశాడు. అవి కలిసినచోటే వెనక మూల. నాలుగో మూలా అలాగే. ఆ తర్వాత రెండో కర్ణాన్ని తెర మీద కొలిచి, టేపు మీద వచ్చినదానితో పోల్చి చూసుకున్నాడు. అర అంగుళం తేడా. పాత గోడల సున్నపు గిలాబు మీద కొలిచినప్పుడు అంతకన్నా దగ్గరగా రాదు. ఆ సర్కిళ్లను చెరపకుండా ప్రింటుకు రాని లేయర్‌లో దాచిపెట్టడం నాకు మరీ నచ్చింది. రేపు ఎవరికైనా అనుమానమొస్తే ఆ లేయర్ వెలిగిస్తే చాలు.

కొలత ముందు, గీత తర్వాత అన్నది ఈ ఊరికి కొత్త పాఠం కాదు. 1908 మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఉన్న ఈ గట్టును ఊడ్చేసిన కొన్నేళ్లకు, 1912-15 మధ్య, లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరమంతా సర్వే చేసి ఎనిమిది వందలకు పైగా షీట్లు గీశారు. పాత హైదరాబాదు మీద పనిచేసే ఆర్కిటెక్టులు ఇప్పటికీ వాటినే తిరగేస్తుంటారు.

ఇక వంకరను ఏం చేశాడన్నదే అసలు పనితనం. ముందుకన్నా వెనక రెండున్నర అడుగులకు పైగా ఎక్కువ. అనుభవం లేనివాడైతే ఆ వంకరను ప్రతి గదికీ తలా కొంచెం పంచేవాడు. అప్పుడు ప్రతి గదిలోనూ టైల్స్ కోసుకోవాలి, ప్రతి బీరువా వెనకా సందు మిగులుతుంది. ఇతను ఎడమ గోడను ఆధారం చేసుకుని గదులన్నీ దానికి మట్టంగా పెట్టి, వంకరంతా కుడివైపుకు తోసేశాడు. అక్కడ ముందు గదిలో ముక్కోణపు గూడు వచ్చింది, వెనక గాలీ వెలుతురూ వచ్చే షాఫ్ట్, అంట్లు తోముకునే చోటు వచ్చాయి. తోముకునే చోటు ఏ ఆకారంలో ఉంటే ఎవరికి కావాలి? గీసేటప్పుడు జాగాను తిప్పకుండా యూసీఎస్‌ను, అంటే గీసే అక్షాలను, ఎడమ గోడకు సరిపెట్టుకున్నాడు. ఉత్తరం బాణం అసలు దిక్కునే చూపిస్తోంది. జాగానే తిప్పి గీసేస్తే వాస్తు చూసే పెద్దాయన వచ్చిన రోజున ఇంట్లో గొడవ.

మెట్ల దగ్గర ఇంకాస్త ఆగాలి. రెండు అంతస్తులు, ఒక్కోటి 10 అడుగులు. అంటే 120 అంగుళాలు. ఏడున్నర చొప్పున 16 ఎత్తులు, ఎనిమిది చొప్పున రెండు వరసలు. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఇతను మెట్ల కోత బొమ్మ పక్కన సెంట్రింగ్ వాళ్ల కోసం చిన్నగా రాశాడు: మొదటి మెట్టు 8 అంగుళాలు, చివరిది 7, మిగతావి ఏడున్నర. ఎందుకంటే గది నేల మీద టైల్, దాని కింది మాలు కలిపి 2 అంగుళాలు పడుతుంది, మెట్టు మీద గ్రానైట్‌కు ఒకటిన్నరే పడుతుంది. కాంక్రీటులో అన్నీ సమానంగా పోస్తే ఇల్లు పూర్తయ్యాక మొదటి మెట్టు అర అంగుళం తగ్గుతుంది, చివరిది అర అంగుళం పెరుగుతుంది. కాలు దాన్ని పట్టేస్తుంది. మన ఇళ్లలో ఎంతమంది పై మెట్టు దగ్గరే తట్టుకుంటారో గమనించండి. సాఫ్ట్‌వేర్‌లో మెట్ల బటన్ నొక్కితే ఈ లెక్క దానంతటది రాదు, మనం చెప్పాలి.

గీతల మందం కూడా చూడదగ్గది. కోసిన గోడలు అర మిల్లీమీటరు, తలుపులు అందులో సగం, మంచం, సోఫా కంటికి ఆనీ ఆననట్టు. తెర మీద రంగులు ఎన్ని ఉన్నా మేస్త్రీ చేతికి చేరేది నలుపు తెలుపు జిరాక్సే. రంగును బట్టి కాకుండా మందాన్ని బట్టి చదవగలిగేలా గీయాలి. పావు అంగుళం ఒక అడుగు స్కేలు కాబట్టి ఏ-3లో సరిపోయింది. ఏ జిరాక్స్ షాపులోనైనా దొరికే కాగితం, మడిచి జేబులో పెట్టుకోవచ్చు. కొలతలన్నీ గిలాబు లేని ఇటుక గోడకే ఇచ్చాడు, 9 అంగుళాలు, నాలుగున్నర అంగుళాలు. పిల్లర్లకు మాత్రం సెంటర్ నుంచి సెంటర్. ఒక్క కొలత కూడా చేత్తో మార్చి రాసింది కాదు. గీత ఎంతుంటే అంకె అంతే. గీత కదపడానికి బద్ధకించి అంకె మార్చేవాళ్లు ఎక్కువ. ఆ అబద్ధం ఫైల్లో నిద్రపోయి లెంటల్ వేసే రోజున లేస్తుంది.

ఒకప్పుడు గీత కదపడం ఇంత తేలిక కాదు. ఈ సందుకు నాలుగు అడుగుల దూరంలోనే ఉస్మానియా ఆస్పత్రి. కలకత్తా విక్టోరియా మెమోరియల్ పనిని పర్యవేక్షించిన విన్సెంట్ ఎష్ దాన్ని రూపొందించాడు. హైకోర్టు, సిటీ కాలేజీ, కాచిగూడ స్టేషన్లలోనూ అతని చెయ్యి ఉంది. ఆ కాలంలో ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకుతో గీసేవాళ్లు. తప్పు గీత పోవాలంటే బ్లేడుతో గీకాలి. గీతకు ఖరీదు ఉండేది కాబట్టి గీసేముందు ఆలోచించేవాళ్లు. ఇప్పుడు గీత ఉచితం. అందుకే ప్లాన్లలో పూలకుండీలు, తివాచీ మీది పువ్వులు నిండిపోతున్నాయి.

ఇంట్లో కూర్చుని స్వీట్ హోమ్ త్రీడీ, స్కెచప్ లాంటివాటితో సొంతంగా ప్రయత్నించేవాళ్లకు ఈ షీటు నుంచి తీసుకోదగ్గవి ఉన్నాయి. ముందు యూనిట్లు అడుగులు, అంగుళాల్లోకి మార్చుకోండి. గోడ మందం సాఫ్ట్‌వేర్ ఇచ్చింది ఉంచకండి, మన ఇటుకకు సరిపెట్టండి. అందులో వచ్చే మంచాలు, ఫ్రిజ్‌లు మన ఇంటివి కావు. మీ బీరువాను టేపుతో కొలిచి అదే కొలతతో డబ్బా గీసి పెట్టుకోండి, తలుపు తెరుచుకునే జాగాతో సహా. ఒక వాటాను మిర్రర్ చేసి రెండో వాటా గీస్తే తలుపులు కూడా తిరగబడతాయి, స్విచ్చి బోర్డు తలుపు వెనక పడుతుంది. అది మళ్లీ చూసుకోవాలి.

2020 నాటి తెలంగాణ టీఎస్-బీపాస్ చట్టం 75 గజాల లోపు జాగాలో, 7 మీటర్ల ఎత్తు లోపు ఇంటికి అనుమతి అక్కర్లేదంది, ఒక్క రూపాయితో రిజిస్టర్ చేసుకుంటే చాలంది. ఈ ఇల్లు పునాది మట్టంతో కలిపి 22 అడుగులు, ఆ లెక్కలోకే వస్తుంది. అనుమతి అక్కర్లేదంటే ప్లాన్ కూడా అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. ఇంటాయన అలా అనుకోకపోవడం మంచిదైంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కరెంటు పాయింట్లు చూపలేదు, డాబా మీది వాన నీళ్లు ఎటు దిగుతాయో బాణం లేదు. అయినా సైట్‌లో మేస్త్రీని అడిగితే, ఈ కాగితం వచ్చాక ఇంజనీరుకు ఫోన్ చేసే పని తగ్గిందన్నాడు. ఇంటాయనకు మాత్రం ఈ షీటు మీద పెద్ద మోజు లేదు. చుట్టాలొస్తే ఫోన్‌లో త్రీడీ బొమ్మ చూపిస్తాడు. అందులో గుమ్మం ముందు ఎర్ర కారు ఆగి ఉంటుంది. ఆ సందులోకి స్కూటరే కష్టంగా వెళ్తుంది.