షుగర్ పుండు, ఇంటి కట్టు

వేసవిలో కర్నూలు, కడప జిల్లాల్లో గుడి ముందు పరిచిన బండలు పెనంలా కాలుతుంటాయి. చెప్పులు విడిచినవాళ్లు గబగబా నీడకు పరుగెత్తుతారు. ఏళ్ల తరబడి షుగర్ ఉండి అరికాళ్లు మొద్దుబారినవాళ్లు మాత్రం నిదానంగా నడిచిపోతారు. మరునాటికి బొబ్బ లేస్తుంది. చేలో దిగిన కంపముల్లు సంగతీ అంతే, చెప్పులో నెత్తురు చూసేదాకా తెలియదు. చూశాక కూడా "నొప్పేం లేదు, అదే మానుతాదిలే" అంటారు. నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం.

ఆ తర్వాత ఇంటివైద్యం మొదలవుతుంది. పసుపు మెత్తుతారు, ఆకుపసరు పిండుతారు, వేడినీళ్లలో కాలు పెట్టిస్తారు. అన్నీ ప్రేమతో చేసేవే. కానీ పసుపు కింద పుండు ఎంత లోతుందో కనిపించదు. పసరుతో పాటు మురికీ లోపలికి పోతుంది. వేడి తెలియని కాలు ఆ నీళ్లకే బొబ్బలెక్కుతుంది. పుండు ఎముకదాకా పోయిందా, పాదానికి రక్తం సరిగా అందుతోందా అన్నది డాక్టరు చూసి తేల్చాల్సిందే.

డాక్టరు చూశాక రోజూ కట్టు మార్చే పని చాలా ఇళ్లలో కూతురి మీదో కోడలి మీదో పడుతుంది. శ్రద్ధ పెడితే ఎవరికైనా పట్టుబడే పని ఇది. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాత గాజుగుడ్డ అంటుకుపోతే లాగకూడదు, సెలైన్‌తో తడిపి వదులయ్యాక తీయాలి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే కొత్తగా వస్తున్న కండ దెబ్బతింటుంది. పుండును సెలైన్‌తోనే కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడిచి, బిగుతు లేకుండా కట్టు కట్టాలి. తీసిన గుడ్డను పారేసే ముందు దాని రంగూ వాసనా చూడాలి. వారానికోసారి పుండును కొలిచి రాసిపెట్టుకోవాలి. 4 వారాల్లో సగానికి తగ్గకపోతే వైద్యం మార్చాలేమో డాక్టర్ని అడగాలి.

ఇంత చేసినా ఆ కాలి మీదే నడిస్తే పుండు మానదు. 1946లో రాయవేలూరు సీఎంసీ ఆసుపత్రిలో చేరిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాల్లో ఈ సంగతి పట్టుకున్నారు. స్పర్శ లేని చోట మళ్లీ మళ్లీ బరువు పడటం వల్లే పుండ్లు వస్తున్నాయని, పిండికట్టు వేసి ఆ ఒత్తిడి తగ్గిస్తే మానుతున్నాయని గమనించారు. 1966లో ఆయన అమెరికాలోని కార్‌విల్‌కు వెళ్లాక అదే పద్ధతి షుగర్ పుండ్లకూ అక్కరకొచ్చింది. కుష్ఠు రోగుల కోసం వచ్చిన ఎంసీఆర్ మెత్తరబ్బరు చెప్పులను ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లకూ డాక్టర్లు రాస్తున్నారు.

కాలు కింద పెట్టొద్దని చెప్పడం తేలికే. వేరుశనగ పీకే రోజుల్లో కూలి మానుకుని మంచం మీద కూర్చోవడం పేద ఇంటికి ఎంత కష్టమో రాయలసీమకు తెలుసు. అయినా నెలన్నర కూలి పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు, పోయిన కాలు మళ్లీ రాదు. ఆ రోజులు గడవడానికి అన్నదమ్ములు, ఇరుగుపొరుగు చేయి అందించాలి.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దలుంటే ఈ రాత్రే వాళ్ల అరికాళ్లు, వేళ్ల సందులు దీపం వెలుగులో చూడండి. ఎరుపు పైకి పాకినా, దుర్వాసన వచ్చినా, వేలు నల్లబడినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. ఆ పూటే కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో తీసుకెళ్లండి.