లైనీ టేలర్ నవలాత్రయము: నడిమి భాగమున వియోగము

నవలాత్రయములలో నడిమి భాగమునకు ఆదిభాగపు నవ్యత ఉండదు. అంత్యభాగపు ఫలసిద్ధియు దక్కదు. అందుచే పలువురు రచయితలు నాయికానాయకులను విడదీసి కథను సాగదీయుదురు. అమెరికా రచయిత్రి లైనీ టేలర్ యువపాఠకులకై 2012లో వెలువరించిన 'డేస్ ఆఫ్ బ్లడ్ అండ్ స్టార్‌లైట్' అను నవలయందును నాయికానాయకులు అధికభాగము వేర్వేరు తావుల నుందురు. అయినను ఈ ఎడబాటు సాగదీత కాదని నా అభిప్రాయము.

2011 నాటి మొదటి నవలనుండి తెలియవలసినది కొంత కలదు. ఎరెట్జ్ అను లోకమున రెక్కలుగల సెరాఫులకును, మృగమానవ మిశ్రరూపులగు కిమేరాలకును చిరకాలయుద్ధము. కరూ పూర్వజన్మమున మాడ్రిగల్ అను కిమేరా యువతి. సెరాఫు యోధుడగు అకీవాను ప్రేమించిన నేరమునకు శిరచ్ఛేదము పొందినది. బ్రిమ్‌స్టోన్ అను పునర్జీవకుడు ఆమె ఆత్మకు మానుషదేహ మొసగి పెంచెను. అది యెఱుగని అకీవా ప్రతీకారబుద్ధితో కిమేరాల నాశనమునకు కారకుడాయెను. రెండవ నవల ఆ బూడిదపై మొదలగును.

మన ఆలంకారికులు విప్రలంభమును పూర్వరాగ, మాన, ప్రవాస, కరుణ భేదములచే చతుర్విధముగా చెప్పిరి. కరూ పేరు గల ధూపపాత్ర దొరకగా, ఆమె మరణించినదనియే అకీవా తలచును. ఆత్మను పాత్రలో నిలిపి మరల దేహమిచ్చుట ఆ లోకమున సాధ్యమే. కాని ఆ విద్య నెఱిగినవారు మిగిలినట్లు అతడెఱుగడు. ఇది కరుణమునకును కరుణవిప్రలంభమునకును నడుమ నిలిచిన స్థితి. కాదంబరిలోని మహాశ్వేత స్మరణకు రాకపోదు. కరూ పక్షమున ఈ లక్షణము పొసగదు. ఆమె హృదయమున ముందుగా నిలిచినది రతి కాదు, తన ప్రేమయే స్వజనమును చంపినదను పశ్చాత్తాపము. ఒకే వియోగమున రెండు పక్షములకు రెండు స్థాయిభావములుండుట మన లక్షణగ్రంథములు ఊహించిన విషయము కాదు.

లోకనిర్మాణము ఇచ్చటనే అక్కఱకు వచ్చినది. మొరాకో ఎడారిలోని మట్టికోటలో కరూ దంతములను కూర్చి మృతసైనికులకు క్రొత్త దేహములు నిర్మించును. ఆ మాయకు మూల్యము నొప్పి. ప్రతి సైనికునికై ఆమె తన చేతులను తానే నలుగగొట్టుకొనును. అవతల సెరాఫు యోధులు తాము చంపినవారి లెక్కను వ్రేళ్లపై పచ్చబొట్లుగా పొడిపించుకొందురు. ఇటు కమిలిన చేతులు, అటు గీతలు నిండిన వ్రేళ్లు! ఒకరి లెక్క నొకరు చూడలేరు. రెండింటిని కూడవలసినవాడు పాఠకుడు. ప్రేమికులను ఒక్కచోట నిలిపినచో ఈ కూడిక సాధ్యమగునా?

లోపములు లేకపోలేదు. చక్రవర్తి జోరాము, వాని సోదరుడు జాయెలు కేవలదుష్టులు. వారి క్రౌర్యమునకు లోతు లేదు. జీరి తన ప్రాణము విడిచి సేనాని థియాగో మృతదేహమున ప్రవేశించుట కథకు మిక్కిలి సులభమైన త్రోవ యని మొదట తోచును. అమరుకదేహమును ప్రవేశించిన శంకరుల శరీరమును శిష్యులు కాపాడిరి. మన పరకాయప్రవేశ కథలలో తిరుగుదారి కలదు. జీరికి అది లేదు. పునర్జీవకుని చేయి పడని సహజదేహముతో మిగిలిన కడపటి కిరిన్ యువకుడతడు. ఆ దేహమును వదలి, కరూను హింసించినవాని ముఖమును ధరించెను. ఆమె ప్రతిదినము ఆ ముఖమునే చూడవలెను. సులభమైన త్రోవకు రచయిత్రి చెల్లించిన మూల్య మిది.

తుదకు అకీవా, లిరాజ్ తమ సోదరుడు హజాయెలు శవమును మోసికొని కరూ వాకిటికి వత్తురు. బ్రతికింపగల విద్య ఆమెయొద్ద నున్నది. కాని ఆత్మ అప్పటికే చెదరిపోయినది.